పన్నెండు వేల కత్తితో కొండాపూర్ మేడ మీద

ఈ ప్రయాణానికి కారణం ఒక మనిషి. పేరు సుదర్శనం. నేను లైబ్రేరియన్‌గా పనిచేసిన కాలేజీలోనే అతను చరిత్ర చెప్పేవాడు. పుస్తకం అట్ట చూసి, వెనక ముద్రించిన నాలుగు వాక్యాలు చదివి, ఆ సాయంత్రమే దాని మీద గంటసేపు ఉపన్యసించగల ప్రతిభ అతనిది. లోపలి పేజీలు ఇంకా విడదీయకుండా అతుక్కునే ఉన్నాయన్న సంగతి నాకొక్కడికే తెలుసు. రిటైరయ్యాక ఒక బ్లాగు పెట్టుకుని, ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువు మీదా తీర్పులు ఇస్తున్నాడు. ఈ వేసవి మొదట్లో అతని చూపు జపాన్ తరహా కత్తుల మీద పడింది. మన దేశంలో తయారై పదీ పదిహేను వేలకు దొరికే కత్తులు గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరావనీ, మొదటి దెబ్బకే అలుగు, అంటే కోసే ఉక్కు రేకు, వంకరపోతుందనీ, పిడి ఊగుతుందనీ రాశాడు. ఫోటోలు చూసి రాశాడు. ఒక్క కత్తినీ చేత్తో పట్టుకోలేదని ఆ వ్యాసంలోనే ఏ సిగ్గూ లేకుండా ఒప్పుకున్నాడు. సరిగ్గా ఆ వారమే నేను అలాంటి కత్తి ఒకటి పన్నెండు వేలు పెట్టి తెప్పించుకుని ఉన్నాను.

డెబ్బై దాటిన మనిషికి కత్తి ఎందుకని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. మూడేళ్ళ క్రితం భుజం పట్టేసింది. రోజూ చెయ్యి ఆడించమని డాక్టరు చెప్పాడు. మా మూసాపేటలో పార్కుకు వెళ్తే అక్కడ నడిచేవాళ్ళ కబుర్లు భుజం నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టాయి. చివరికి కొండాపూర్‌లో ఒక మేడ మీద ఆదివారాలు నేర్పే చెక్కకత్తి సాధనలో చేరాను. నేర్పేది రాజ్యలక్ష్మి గారు. కాకినాడ మనిషి. వారమంతా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పడతారు, ఆదివారం మా తప్పులు పడతారు. చెక్కకత్తి బాగా అలవాటైనవాళ్ళకు ఆమె నిజం కత్తితో నానిన చాపచుట్టను నరకడం నేర్పుతారు. కానీ ఎవరి కత్తి వాళ్ళే తెచ్చుకోవాలి, అది ఆమె పరీక్షలో నెగ్గాలి. విదేశాల నుంచి వచ్చే మంచి కత్తి లక్ష పైమాటే. నా పెన్షన్‌తో రెండో కత్తి కొనే ప్రసక్తే లేదు. అంటే, ఈ పన్నెండు వేలది పరీక్ష తప్పితే నేను చచ్చేదాకా గాలిలో కర్ర తిప్పుకుంటూ ఉండాల్సిందే. మూడేళ్ళు తిప్పాను. ఒక్కసారి నిజంగా కోసి చూడాలని ఉంది. సుదర్శనం చెప్పింది తప్పని తేలాలనీ ఉంది. ఈ రెండు కోరికల్లో ఏది పెద్దదో అప్పటికి నాకే తెలియదు.

మే నెల, ఆదివారం. ఉదయం ఆరున్నరకు కత్తిని ఒరలోంచి తీసి ఊపి చూశాను. పిడి దగ్గర సన్నగా టకటకమని చప్పుడు. ఈ కత్తుల పిడి కర్రతో చేసి, పైన దారం పట్టీ చుట్టి ఉంటుంది. అలుగు చివర ఉక్కు తోకలా సన్నబడి పిడి లోపలికి దూరుతుంది. ఒక వెదురు చీల అడ్డంగా వెళ్ళి రెంటినీ కలిపి పడుతుంది. ఆ కర్రకీ ఉక్కుకీ మధ్య సందు ఉన్నట్టుంది. గొడ్డలి ఊగితే ఏం చేస్తారో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు కదా. పిడి భాగాన్ని బకెట్ నీళ్ళల్లో ముంచి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చి, కాఫీ తాగి, తుడిచి ఊపితే చప్పుడు లేదు. చాలా సంతోషించాను.

మెట్రోలో పదునైన వస్తువులు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఆటో మాట్లాడుకున్నాను. రెండు వందల యాభై అడిగాడు, ఆదివారం పొద్దున ఆ దూరానికి అది న్యాయమే. డ్రైవర్ పేరు యాదయ్య, నల్లగొండ వైపు మనిషి. నేను పొడుగాటి సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అద్దంలోంచి దాని వంకే చూస్తున్నాడు.

“ఏంది సారు గది? ఫ్లూటా?”

“కత్తి.”

ఆటో కాస్త నెమ్మదించింది. “కత్తా? పోలీసోళ్ళు ఆపిన్రనుకో, మీతోని నన్ను గూడ పరేషాన్ జేస్తరు సారూ.”

“ఫికర్ చెయ్యకు. ముందే స్టేషన్‌కి వెళ్ళి అడిగి వచ్చాను. నేర్పే ఆవిడ ఇచ్చిన కాగితం కూడా ఉంది.”

“అయితే సరే. ఇంతకీ ఏం కోస్తరు దీంతోని? మేకలా?”

“చాపలు. చుట్టి, నిలబెట్టి.”

“పండుకునే చాపలా? కొనుడెందుకు సారు, కోసుడెందుకు?”

“ఆ జిమ్ముల్లో వాళ్ళనీ అడుగు, ఎత్తడమెందుకు, దించడమెందుకని.”

యాదయ్య పగలబడి నవ్వాడు. అప్పటి నుంచి మేం స్నేహితులమైపోయాం. కైతలాపూర్ వంతెన ఎక్కుతుండగా పిడి సంగతి కూడా చెప్పాను. “మంచిగ జేసిన్రు” అన్నాడు. “మా దిక్కు గొడ్డలి కామ ఊగితే గంతే, బకీట్ల ఏస్తం. ఎంబడే బిగుస్తది.” ఇద్దరు పెద్దమనుషులు ఏకాభిప్రాయానికి వస్తే ఇక అనుమానం ఏముంటుంది?

వంతెన దిగితే మాదాపూర్ వైపు తోవ ఖాళీగా ఉంటుంది, ఎనిమిదిలోపు వెళ్తే. ఈ ప్రాంతంలో ఒకప్పుడు నేను చూసిన బండరాళ్ళ జాడే లేదు. వాటిని పేల్చి కట్టిన భవనాలకు మాత్రం కొండల పేర్లూ, ఇటలీ ఊళ్ళ పేర్లూ పెట్టారు. హాస్టళ్ళ వీధిలో ఒక టిఫిన్ బండి దగ్గర ఆటో ఆపించాను. ఇడ్లీ నలభై, అల్లం చట్నీ మంచి ఘాటు. బండి నడిపే అనసూయమ్మ నన్ను ఎప్పటినుంచో ఎరుగును.

“కర్ర పోయి కత్తి వచ్చిందా సారు?” అంది, ప్లేటు అందిస్తూ. “గీ వయసుల గివన్నీ ఏంది? ఇంట్ల అమ్మ ఏమనలే?”

“ఆవిడే అంది. ఇంట్లో కూర్చుని తన మీద కత్తులు నూరే బదులు, బయటికి పోయి దేన్నైనా నరకమని.”

“మస్తు చెప్పింది. మా ఆయనకు గూడ ఒకటి తెచ్చియ్యరాదు?” అని అక్కడ నిలబడి తింటున్న హాస్టల్ పిల్లలందరికీ వినబడేలా నవ్వింది. యాదయ్య నా లెక్కలో రెండు ప్లేట్లు తిన్నాడు. సైబర్ టవర్స్ దాటి, కొత్తగూడ మీదుగా కొండాపూర్ చేరేసరికి ఎనిమిదిన్నర.

మేం సాధన చేసే చోటు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ ఉన్న భవనం పైన. నాలుగంతస్తులు, లిఫ్టు ఉంది, దాన్ని నమ్మవద్దు. మేడ మీద రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, ఒక మూల కొళాయి. నేను వెళ్ళేసరికి నవీన్ తుంగచాపల చుట్టలను తొట్టిలోంచి తీసి నీళ్ళు ఓడ్చడానికి నిలబెడుతున్నాడు. సిద్దిపేట కుర్రాడు, కంప్యూటర్ ఇంజనీరు, ఇలాంటి కత్తే కొనాలని ఉండి నా దాని ఫలితం కోసం ఆగాడు. చుట్టి తాడుతో కట్టిన చాపను రాత్రంతా నానబెడితే, నరికేటప్పుడు అది పచ్చి మాంసంలా తెగుతుందంటారు. నిజంగా అలా తెగుతుందో లేదో తెలిసినవాళ్ళు నాకు కనబడలేదు, అడగాలనీ అనిపించలేదు.

రాజ్యలక్ష్మి గారు కత్తిని రెండు చేతులతో అందుకున్నారు. అలుగును కంటికి ఎత్తి, పదునులేని వీపు వెంట చూశారు. వంకర లేదు. కాగితం ముక్క మీద పెట్టి లాగారు. పీచులు లేవకుండా తెగింది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

“చప్పుడే లేదండీ! ఈ ధరలో ఇంత బిగుతు నేను చూళ్ళేదు మాష్టారూ.”

నేను మాష్టారుని కానని మూడేళ్ళుగా చెబుతున్నాను, ఆ రోజు చెప్పలేదు. సుదర్శనానికి ఏం రాయాలో మనసులో వాక్యాలు కట్టుకుంటున్నాను. మొదటి వాక్యం చాలా బాగా వచ్చింది కూడా.

ఆమె చిన్న ఇత్తడి సుత్తితో చీలను కొట్టారు. రాలేదు. ఇంకోసారి గట్టిగా కొడితే పీచులు పీచులుగా వచ్చింది. పిడిని లాగారు. అదీ రాలేదు. నవీన్ అలుగుకు గుడ్డ చుట్టి పట్టుకుంటే, ఆమె అటూ ఇటూ ఊపి లాగారు. చప్పున తడి శబ్దం చేస్తూ ఊడింది. రెండు నీటి బొట్లు నేల మీద పడ్డాయి.

“ఇదేంటండీ?”

“నీళ్ళు.”

“నీళ్ళని తెలుస్తోందండీ. లోపలికి ఎలా వచ్చాయి?”

చెప్పాను. బకెట్టు, స్నానం, కాఫీ, గొడ్డలి, అన్నీ. నవీన్ మొహం తిప్పుకుని నవ్వు ఆపుకోవడానికి చాలా ప్రయత్నించాడు. “సార్, చాపను గద నానబెట్టాల్సింది! మీరు కత్తిని నానబెట్టిన్రా?”

రాజ్యలక్ష్మి గారు నవ్వలేదు. ఉక్కు తోక మీద అప్పుడే నారింజరంగు పొడ కనబడుతోంది. దాన్ని వేలితో రాసి చూపించారు. “ఇప్పుడు కర్ర ఉబ్బింది కాబట్టి బిగుతుగా ఉంది. ఈ ఎండలో గంటలో ఆరుతుంది, ఆరితే ఇంతకుముందు కంటే ఎక్కువ వదులవుతుంది. గొడ్డలి పిడి అయితే ఊగుతుందండీ, అంతే. ఇది బలంగా తిప్పినప్పుడు చీల విరిగితే అలుగు ఎగిరిపోతుంది. నేను విప్పి చూడకపోతే మీ ఎదురుగా నిలబడేది నవీనే.” నవీన్ నవ్వు ఆగిపోయింది. ఆమె కత్తిని గుడ్డ మీద పెట్టి, “సారీ మాష్టారూ. ఫెయిల్” అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా మీద అనడానికీ మనస్కరించలేదు. “ఫెయిలయింది నేనండీ, కత్తి కాదు” అన్నాను. “మీ ఆఫీసులో ఎవడైనా కీబోర్డు మీద టీ ఒలకబోస్తే ప్రోగ్రామ్ తప్పని రాస్తారా?”

“రాయనండీ” అన్నారు. “సరే. ఆరనిద్దాం. ఎండలో కాదు, నీడలో, ఫ్యాన్ కింద. కర్ర పగలకుండా ఉంటే సాయంత్రం చూస్తాను. పగిలితే మాత్రం ఇక నన్ను అడక్కండి.”

తడి ఆరేలోపు వేరేవాళ్ళ సాధన నడిచింది. మధ్యాహ్నం నవీన్ నన్ను సందులో ఉన్న మెస్‌కు తీసుకెళ్ళాడు. పప్పూ, దోసకాయ పచ్చడీ, అన్నం ఎంతైనా, నూట ఇరవై. కొండాపూర్‌లో ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లలు ఇంటిని గుర్తుచేసుకుంటూ తినే తిండి అది, బాగుంటుంది. తింటూ తింటూ అతను ఫోన్‌లో సుదర్శనం వ్యాసం తెరిచి పైకి చదివాడు. నేను వద్దన్నా వినలేదు. “పిడి లోపలి కర్రకూ ఉక్కుకూ మధ్య సందు ఉంటుంది, అందువల్ల ఊగుతుంది” అన్న వాక్యం దగ్గర ఆగి నా మొహం చూశాడు.

“సార్, పొద్దుగాల మీకు గిదే కనబడింది గదా?”

ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. నిజమే. ఫోటోలు చూసి రాసిన మనిషి ఒక్క విషయంలో సరిగ్గా రాశాడు. దాన్ని నేను ఉదయమే చెవులారా విన్నాను. విని, నీళ్ళల్లో ముంచేశాను. బాగుచేయడానికే ముంచానని ఇందాకటి దాకా అనుకుంటున్నాను. బాగుచేయాలనుకునేవాడు చీల తీసి లోపల చూస్తాడు. నేను ఆ చప్పుడు వినబడకుండా ఉంటే చాలనుకున్నాను. అతను అట్ట చూసి ఊరుకున్నాడు, నేను లోపలి పేజీ చింపేశాను. ఏది పెద్ద నేరమో లైబ్రేరియన్‌ని అడగనక్కరలేదు.

“ఒప్పుకుంటవా సార్, బ్లాగుల రాస్తవా?” అన్నాడు నవీన్, ‘మీరు’ మరిచిపోయి.

“ముందు పెరుగు పోయించుకో” అన్నాను.

మూడున్నరకు మేడ మీద అందరం పిడి చుట్టూ చేరాం. మే నెల హైదరాబాద్ గాలి తన పని తాను చేసింది. కర్ర ఎండిపోయింది, పగుళ్ళు లేవు. రాజ్యలక్ష్మి గారు ఉక్కు మీది తుప్పు పొడ తుడిచి, నూనె చుక్క రాసి, పిడి తొడిగి ఊపారు. ఉదయం ఇంట్లో విన్నదానికి రెట్టింపు చప్పుడు. ఆమె తన పెట్టెలోంచి ఆకంత పల్చని చెక్క పొర తీసి, కత్తిరించి, సందులో దూర్చి మళ్ళీ తొడిగారు. చప్పుడు ఆగింది. వెదురు ముక్క చెక్కి కొత్త చీల కొట్టారు. అందరినీ వెనక గోడ దాకా పంపించారు. మొదటి కోత ఆమెదే.

చాపచుట్ట దాదాపు నిలువెత్తున, కర్ర గూటం మీద గుచ్చి ఉంది. ఆమె కత్తి ఎత్తడం చూశాను, దించడం చూడలేదు. చుట్ట పైభాగం ఒక క్షణం అలాగే నిలబడి, ఏటవాలుగా జారి పడింది. ఆమె వెంటనే అలుగు వీపు వెంట చూశారు, చీల తడిమారు, పిడి ఊపారు. మళ్ళీ కోశారు, మళ్ళీ చూశారు. ఆ ప్రతి కోతకూ ఆమె మొహంలో ఏమైనా కనబడుతుందేమోనని నేను చూశాను. సాఫ్ట్‌వేర్ పరీక్షించేవాళ్ళ మొహాల్లో ఏమీ కనబడదు. చివరికి కత్తిని నా వైపు తిప్పి, “రండి మాష్టారూ” అన్నారు.

మూడేళ్ళుగా ఎదురుచూసిన క్షణం. చాపచుట్ట ముందు నిలబడ్డాను. అది చాపలా కనబడలేదు. అట్టలు చదివేవాళ్ళు కనబడ్డారు, నా లైబ్రరీని స్టోర్ రూమ్‌గా మార్చిన ప్రిన్సిపాల్ కనబడ్డాడు, మధ్యాహ్నం నాటి పప్పన్నం ముద్ద కూడా కనబడింది. ఉన్న బలమంతా పెట్టి దించాను. కత్తి సగం దాకా దిగి ఠక్కున ఆగిపోయింది. మోచేతుల దాకా జివ్వుమంది. చుట్ట గూటం మీద పక్కకి వంగింది, అలుగు అందులో ఇరుక్కుని వంకరగా నిలబడింది. వెనక నుంచి నవీన్ “అయ్యో” అనడం వినిపించింది. సుదర్శనం రాసిందే జరిగిందనుకున్నాను. మొదటి దెబ్బకే వంకర.

రాజ్యలక్ష్మి గారు వచ్చి, నా చేతుల్ని వదిలించి, అలుగును మెల్లగా లాగారు. కంటికి ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నా చేతికిచ్చి, “మీరే చూడండి” అన్నారు. వీపు వెంట చూశాను. నిటారుగా ఉంది. గీత గీసినట్టు.

“నేను కోస్తే కత్తి ఏం కష్టపడుతుందండీ?” అన్నారు ఆమె. “సరిగ్గా కోసేవాళ్ళ చేతిలో ఏ కత్తయినా మంచిదే. వంకరగా దించితేనే దాని సంగతి తెలిసేది. మీరు ఎంత ఘోరంగా కోశారో తెలుసా? ఇంతకంటే మంచి పరీక్ష నేను పెట్టలేను.” ఆ రోజు మొదటిసారి నవ్వారు. “ఇప్పుడు మళ్ళీ కోయండి. భుజాలు చెవుల దాకా ఎక్కాయి, దించుకోండి.”

“కోపం తగ్గించుకోమంటారు, అంతేగా.”

“కోపం మీ ఇష్టమండీ. ఉంచుకోండి. భుజం మాత్రం దించండి.”

ఇన్నేళ్ళలో నాకు ఎవరైనా ఇచ్చిన సలహాల్లో పాటించదగ్గది ఇదొక్కటే. కోపాన్ని ఉన్నచోటే ఉండనిచ్చి భుజాలు దించాను. మరో చుట్ట పెట్టారు. ఈసారి బలం పెట్టిన గుర్తే లేదు. చేతికి ఏమీ తగల్లేదు కూడా, తప్పిపోయిందనుకున్నాను. చుట్ట పైముక్క జారి నా పాదాల దగ్గర పడి, నీళ్ళు చిమ్మింది. తెగినచోట తుంగపోచలు, ఒక్కొక్కటీ, అప్పుడే కోసిన గడ్డిలా తెల్లగా ఉన్నాయి. నవీన్ ఈల వేశాడు. నేను వంగి ఆ ముక్కను తీసుకుని, తెగినచోట వేలితో రాసి చూశాను.

ఆమె చివరిసారి పిడి ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. “అలుగు పాస్. పిడి నా పొర మీద నిలబడింది కాబట్టి నెల తర్వాత మళ్ళీ విప్పి చూస్తాను, అప్పటిదాకా ప్రతి ఆదివారం కోసే ముందు నాకు చూపించాలి. వచ్చే వారం నుంచి మీ చాప మీరే తెచ్చుకోండి.” మా మేడ మీద ఆ మాటకు అర్థం ఒక్కటే. కోసేవాళ్ళే చాపలు తెచ్చుకుంటారు.

తిరుగు ఆటోలో, మూడు వందలు, సాయంత్రం ట్రాఫిక్, గంట పైగా, ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇలాంటి కత్తి కొనాలనుకునేవాళ్ళకు నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఇంతే: అలుగు ధరకు మించి మంచిది, ముసలివాడి చెడ్డ కోతను భరించింది. పిడి అనుమానాస్పదం, కానీ ఎంత అన్నది నేను చెప్పలేను, సాక్ష్యాన్ని బకెట్లో ముంచినవాణ్ణి కాబట్టి. ఇంటికొచ్చి సుదర్శనం వ్యాసం కింద అదే రాశాను. పిడి గురించి మీరు రాసింది నిజం, అలుగు గురించి రాసింది తప్పు, రెండూ చేత్తో పట్టుకుంటే గాని తెలియవు, వచ్చి పట్టుకోండి అని. ఉదయం కట్టుకున్న ఆ మొదటి వాక్యం మాత్రం రాయలేదు. బాగుందనే రాయలేదు. మర్నాడు అతని జవాబు వచ్చింది. అందులో ఒక్క ఉపన్యాసం లేదు. “ఎన్ని గంటలకు? మెట్రోలో రావచ్చా?” అని ఉంది.

అతనికి రాసిందే మీకూ రాస్తున్నాను. కత్తి తెచ్చేవాళ్ళు మీ ప్రాంతపు పోలీసు స్టేషన్‌లో నిబంధనలు ముందే అడిగి, సంచీలో కట్టి, ఆటోలో రండి. చూడ్డానికి వచ్చేవాళ్ళు మూసాపేట వైపు నుంచయితే అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగి, షేర్ ఆటోలో కొండాపూర్ చేరుకోండి. ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ఆలస్యం చేయకండి, కోత ఎవరి కోసమూ ఆగదు, అయినా కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఒక చాప ఎక్కువ నానబెట్టి ఉంచుతాను.